క్రకచోపాఖ్యానం

కావ్యారంభాన విఘ్నేశ్వరుణ్ణి తలవడం పెద్దల ఆచారం. నేనూ తలిచాను. ఆయన విన్నాడు కూడా. కొండంత విఘ్నాలన్నీ తీసేసి, కాగితం మందాన ఉన్న విఘ్నాన్ని మాత్రం నాకు వదిలేశాడు. ఈ కథంతా ఆ కాగితం మందం గురించే.

తరవాత కుకవినింద చెయ్యాలి. నాకు తెలిసిన కుకవి ఒక్కడే: నేను సెకండ్‌హ్యాండులో కొన్న టేబుల్ సా అనే రంపబల్లతో పాటు వచ్చిన, అంచులు పసుపెక్కిన మాన్యువల్ రాసినవాడు. ‘బ్లేడు గాడికి సమాంతరంగా ఉన్నదీ లేనిదీ సరిచూసుకొనవలెను’ అన్న అర్థం వచ్చే ఒక్క ముక్క రాసి, పేజీ తిప్పేశాడు. భారతయుద్ధాన్ని ‘అన్నదమ్ముల మధ్య పొలం తగాదా వచ్చి సర్దుకున్నది’ అని ముగించినట్టు. ఆ ఒక్క ముక్కలో ఎన్ని పర్వాలున్నాయో వెల్లకిలా పడుకుని బోల్టులు విప్పినవాడికి తెలుస్తుంది.

కృతిభర్త మా అమ్మ. తెనాలి నుంచి ఆరునెలల వీసా మీద వచ్చింది. అంకితం ఇమ్మని ఆవిడ అడగలేదు. ఆవిడ అడిగింది ఒక పీట.

ఇక పురవర్ణన. డాలస్ మహానగరానికి ఉత్తరాన ఫ్రిస్కో అనే పట్టణం ఉంది. ప్రాకారాలన్నీ చెక్క కంచెలు. కోనేళ్ళన్నీ ఇంటి వెనక ఈతకొలనులు. అక్కడి ఇళ్ళలో చాలావాటికి రెండు కార్లు పట్టే గ్యారేజీ ఉంటుంది, కార్లు మాత్రం వీధిలో ఎండుతుంటాయి. మా గ్యారేజీలో సగం కారుది. మిగతా సగంలో, సోనా మసూరి బస్తాలకీ ఎవరూ ఎక్కని వ్యాయామ సైకిలుకీ నడుమ, పోతఇనుప సింహాసనం మీద మన కథానాయకుడు కొలువై ఉంటాడు.

ఏమా వైభవం! పది అంగుళాల చక్రం, నలభై కార్బైడు దంతాలు. విష్ణుచక్రం ఎంత వేగంతో తిరిగేదో పురాణాల్లో లెక్క ఇవ్వలేదు గాని దీనికి ఇవ్వవచ్చు. నిమిషానికి దాదాపు 4,000 చుట్లు అనుకుంటే, అంచు మీది పన్ను గంటకు 190 కిలోమీటర్ల వేగంతో పోతుంటుంది. సెకనుకి 2,600కు పైగా పళ్ళు మన ముక్కు ముందునుంచి దాటిపోతాయి. శిశుపాలుడికి నూరు తప్పుల దాకా గడువిచ్చాడు కృష్ణుడు. ఈ చక్రం ఒక్క తప్పుకీ ఇవ్వదు.

వంశం కూడా సామాన్యమైంది కాదు. 1777లో సౌతాంప్టన్‌కు చెందిన సామ్యూల్ మిల్లర్ అనే ఇంగ్లీషువాడు తీసుకున్న పేటెంటులో గుండ్రటి రంపం ప్రస్తావన ఉంది. అమెరికాలో షేకర్లనే మతశాఖవారు మాత్రం ఆ కీర్తి తమ టబితా బాబిట్‌కి కట్టబెట్టారు. ఇద్దరు మనుషులు పొడుగు రంపం లాగుతుంటే సగం లాగుడు వృథాగా పోవడం చూసి, 1813లో ఆవిడ తన రాట్నం చక్రానికి పళ్ళున్న రేకు తగిలించిందట. కొందరు చరిత్రకారులు ఈ కథని నమ్మరు. నాకు మాత్రం మిల్లర్ పేటెంటు కన్నా రాట్నమే నచ్చుతుంది. ఆ తరవాత 1939లో డెల్టావారి యూనిసా వచ్చింది. వాలే బ్లేడు, కింద బీరువాలాంటి పెట్టె, పైన బరువైన ఇనుప బల్ల, ఈనాటి పెద్ద రంపబల్లల ముఖకవళికలన్నీ దానివే. నాది ఆ వంశంలో పేద జ్ఞాతి. మోటారు కూడా పెట్టెలో దాగకుండా వెనక వేలాడుతూ ఉంటుంది.

అమ్మ వచ్చిన మర్నాడు ఈ మహావీరుణ్ణి చుట్టూ తిరిగి చూసి, “ఇదేవుందిరా, కత్తిపీటే కదా” అంది.

నేను పదహారేళ్ళుగా ఇంజనీరుని. ఇంత సూటిగా నాకెప్పుడూ తోచలేదు. చేతిరంపంలో చెక్క కదలదు, రంపం కదులుతుంది. కత్తిపీటలో కత్తి ఉన్నచోటే ఉంటుంది, వంకాయ నడిచి వస్తుంది. టేబుల్ సాలోనూ అంతే. చెక్కే నడిచి వస్తుంది. వంకాయకి దారి చూపించేది అరవయ్యేళ్ళు అలవాటుపడ్డ చెయ్యి. చెక్కకి దారి చూపించేది ఫెన్స్ అనే ఇనుప కమ్మీ, బల్ల మీద పొడుగునా తవ్విన గాడి. ఆ దారీ, బ్లేడు ముఖమూ ఒకే దిక్కుకి చూస్తున్నంతసేపు లోకం సుభిక్షం. రెండూ పెడమొహాలు పెట్టుకుంటే మొదలవుతుంది అసలు కథ.

పీట కోసం చెర్రీ చెక్క తెచ్చాను. ముప్పావు అంగుళం మందం, లేత బెల్లం రంగు. బ్లేడు కాస్త రాచుకుంటే చాలు మాడిపోయే జాతి అది, ఆ గుణంలో మేపుల్‌కి అప్పచెల్లెలు. ఫెన్స్‌కి ఆనించి తోశాను. జానెడు కోతదాకా నిశ్శబ్ద సౌందర్యం. ఆ పైన అపశకునాలు. బ్లేడు వెనకవైపు నుంచి సన్నటి నీలిపొగ లేచింది. మోటారు శ్రుతి తగ్గింది. చెక్క ముందుకి పోనని మొరాయించి, నా అరచేతుల్లో సన్నగా వణికింది. ఎలాగో దాటించి, స్విచ్చి కట్టి చూస్తే, ఫెన్స్ వైపు ముక్క అంచు పొడుగునా కాటుక పెట్టినట్టు నల్లటి చార.

లోపల్నుంచి అమ్మ కేక: “సాంబ్రాణి వేశావట్రా?”

ఆ పొగ వెనక ఉన్న ప్రమాదం మాత్రం నవ్వులాట కాదు. బ్లేడుకి మనవైపున్న పళ్ళు కిందికి దిగుతాయి. అవి చెక్కని బల్లకేసి అదుముతాయి, మనకి మంచిదే. వెనకవైపు పళ్ళు పైకి లేస్తాయి. బ్లేడు వెనకభాగం ఫెన్స్ వైపు మొగ్గి ఉంటే, మధ్యలో చెక్క ఇరుక్కుంటుంది, ఆ లేచే పళ్ళు దాన్ని ఎత్తి మనమీదికే విసిరేస్తాయి. వడ్రంగానికి కొత్తవాడు ఆ పొగ చూసి బ్లేడు మొద్దుబారిందనుకుని కొత్తది కొంటాడు. నేనూ కొత్తవాణ్ణే, కొన్నాను. కొత్త బ్లేడు ఇంకా అందంగా మాడ్చింది.

కాబట్టి యుద్ధం అనివార్యమైంది. యుద్ధానికి ముందు ప్లగ్గు పీకాలి. స్విచ్చి కట్టడం వేరు, ప్లగ్గు పీకడం వేరు. మొదటిది నిద్ర, రెండోది సన్యాసం. సన్యసించిన రంపం మీదే చేతులు వెయ్యాలి.

నా అమ్ములపొదిలో ఆయుధాలు: ఒక మూలమట్టం, ఒక మార్కర్ పెన్ను, ఒక కొయ్యసుత్తి, ఇమ్మిగ్రేషన్ దరఖాస్తుకని తీయించి మిగిలిపోయిన జిరాక్సు కాగితాలు. ఆఖరిదాన్ని చూసి నవ్వకండి. మామూలు జిరాక్సు కాగితం మందం మిల్లీమీటరులో పదోవంతుకి దగ్గరగా ఉంటుంది. డయల్ గేజి కొనలేని వాడికి అదే దివ్యాస్త్రం. అమెరికాలో మన కాగితాలు ఎందుకైనా పనికొస్తాయని అందరూ దాచుకుంటారు. నావి ఇలా పనికొచ్చాయి.

పద్ధతి ఇది. బ్లేడుని పూర్తిగా పైకి లేపి, ముందువైపు ఒక పన్నుకి మార్కరుతో బొట్టు పెట్టాలి. మూలమట్టాన్ని ఎడమచేతి గాడి అంచుకి ఆనించి, దాని స్కేలు ఆ పన్నుని ముద్దుపెట్టుకునేదాకా జరిపి బిగించాలి. తరవాత చేత్తో బ్లేడు తిప్పి అదే పన్నుని వెనక్కి తీసుకుపోయి, మూలమట్టాన్నీ వెనక్కి జరిపి, మళ్ళీ ముద్దు కుదిరిందా లేదా చూడాలి. అదే పన్ను ఎందుకంటే, వేర్వేరు పళ్ళతో కొలిస్తే బ్లేడు వంకరా బల్ల వంకరా కలిసిపోయి, తప్పు ఎవరిదో తేలదు. ఒకే సాక్షిని రెండు చోట్ల నిలబెట్టి అడగడమన్నమాట.

వెనకవైపు ముద్దు కుదరలేదు. సందులోకి ఒక కాగితం దూరింది. రెండోది దూరింది. మూడోది. నాలుగోది కాస్త బిగుతుగా దూరింది. నాలుగు కాగితాలు! ఒక్క కాగితం తేడాని పెద్దమనసుతో ఓర్చుకోవచ్చు. నాలుగంటే బ్లేడు వెనకభాగం ఫెన్స్‌కి రహస్యంగా ప్రేమలేఖ రాస్తోందని అర్థం.

ఇక్కడ నాయకుడి క్రోధాన్ని వర్ణిస్తూ ఒక సీసపద్యం ఉండవలసింది. గణాలు సరిచూసే మూలమట్టం నా దగ్గర లేదు కనుక వచనంలోనే సాగుతాను.

మొదటి అనుమానం బ్లేడు మీదికే పోయింది. మూలమట్టాన్ని ఒకేచోట ఉంచి బ్లేడుని మెల్లగా తిప్పితే సందు పెరుగుతూ తరుగుతూ వచ్చింది. అంటే వంకర ఒకటి కాదు, రెండు. నట్టు విప్పాలి. ఏ వైపుకి తిప్పాలని రోజంతా ఆలోచించనక్కరలేదు. బ్లేడు ఏ దిక్కుకి తిరుగుతుందో ఆ దిక్కుకి తిప్పితే వదులవుతుంది. అలా కాకపోతే మోటారు మొదలైన ప్రతిసారీ నట్టు ఊడి వచ్చేది. బ్లేడు తీసి, ఇరుసు మీద అది ఆనే వాషరుని చూపుడువేలితో తడిమాను. అంచున ఒకచోట గరుకు. ఏనాటి పైన్ చెక్క జిగురో, దానిలో చిక్కుకున్న రంపపుపొట్టో, గట్టిపడి కూర్చుంది. మినపగుండంత కూడా లేదు, మినప్పొట్టంత ఉంది.

అంత చిన్నది అంత పెద్ద కొంప ఎలా ముంచిందంటే, ఇరుసు మధ్యనుంచి అంగుళం దూరంలో ఉన్న నలుసు బ్లేడుని ఎంత వాలుస్తుందో, అయిదు అంగుళాల దూరంలో ఉన్న పన్ను దగ్గరికి వచ్చేసరికి ఆ వాలు అయిదింతలై ఊగుతుంది. మంథర చెవిలో ఊదిన మాట అడవిదాకా వెళ్ళినట్టు. మినరల్ స్పిరిట్స్‌లో గుడ్డ ముంచి తుడిస్తే మంథర వెళ్ళిపోయింది, ఊపు ఆగింది. మళ్ళీ కొలిచాను. వెనకవైపు ఇప్పటికీ అవే నాలుగు కాగితాలు.

కైక ఇంకా ఉంది.

బల్ల కింద బ్లేడునీ ఇరుసునీ మోసే పోతఇనుప దిమ్మలుంటాయి, ట్రనియన్లంటారు. నా రకం రంపంలో అవి బల్లకే కిందినుంచి బోల్టులతో బిగించి ఉంటాయి. పెద్ద పెట్టెరంపాల్లో అయితే పెట్టెకి బిగించి ఉంటాయి, అక్కడ బల్లనే జరపాలి. ఆ యజమానులు హాయిగా నిలబడి పని చేసుకుంటారు. నేను వెల్లకిలా పడుకోవలసి వచ్చింది. మూడు బోల్టులు వదులు చేసి, ఒక్కదాన్ని ఇరుసులా బిగుతుగానే ఉంచి, వెనక దిమ్మని కొయ్యసుత్తితో సుతారంగా తట్టాను. మొదటి దెబ్బకి ఏమీ కదల్లేదు. రెండో దెబ్బకీ లేదు. మూడో దెబ్బకి, ఏళ్ళ తరబడి లోపల పేరుకున్న పొట్టంతా నా మొహం మీద పుష్పవృష్టిగా కురిసింది. దేవతలు మెచ్చారనుకున్నాను. లేచి చూస్తే మెచ్చినట్టే ఉంది, సందులో కాగితం పట్టలేదు.

పరమానందంతో బోల్టులు బిగించి మళ్ళీ కొలిస్తే రెండు కాగితాలు. బిగించేటప్పుడు దిమ్మ జరిగింది! విప్పి, తట్టి, సరిచేసి, బిగించాను. మళ్ళీ రెండు. విక్రమార్కుడు శవాన్ని భుజాన వేసుకుని నడిచినట్టు నడిచాను. భేతాళుడు మాట్లాడించగానే చెట్టెక్కినట్టు, పానా తగలగానే ఆ దిమ్మ తన పాతచోటికే ఎక్కింది. నాలుగోసారికి గాని బుద్ధి రాలేదు. కారు చక్రం బిగించేటప్పుడు ఎలా అయితే ఒకదాని తరవాత ఒకటి కొంచెం కొంచెంగా, ఎదురెదురుగా బిగిస్తామో అలాగే చెయ్యాలి. ఒకదాన్నే ఏకబిగిన బిగిస్తే అది దిమ్మని తనవైపు లాక్కుంటుంది. చిన్నపిల్లలకి అన్నం వడ్డించినట్టు అందరికీ తలా ఒక చుట్టు. ఆ పద్ధతిన బిగించాక ఒక కాగితం దూరీ దూరకుండా ఉంది. అక్కడితో సంధి చేసుకున్నాను.

బ్లేడుని 45 డిగ్రీలకు వాల్చినప్పుడు కూడా ఈ సమాంతరం నిలిచిందా లేదా చూడాలంటారు, తేడా ఉంటే సన్నటి రేకులు అడుగున పెట్టాలంటారు. పీటకి వాలుకోత అక్కరలేదు. ఆ పర్వం మరో కవికి వదిలేశాను.

ఫెన్స్ పర్వం మూడు ముక్కల్లో అయిపోతుంది. దాన్ని గాడి అంచుకి జరిపి, ముందూ వెనకా వేలితో తడిమి చూడాలి. వెనక కొసన బ్లేడుకి ఒక కాగితం మందం దూరంగా ఉంటే మరీ మంచిది, చెక్కకి ఊపిరాడుతుంది. దగ్గరగా మాత్రం ఉండకూడదు.

అందరూ ధర్మమార్గానికి వచ్చారు కదా అని ప్లగ్గు పెట్టి స్విచ్చి వేశాను. గ్యారేజీ దద్దరిల్లేలా ఒక ఆర్తనాదం. పక్కింటి కుక్క మొరిగింది. ఆపి చూస్తే, బ్లేడు చుట్టూ ఉన్న ఇన్సర్ట్ ప్లేటు అంచు మీద తాజా గాటు.

ఎవరూ స్తుతించని ఈ వీరుణ్ణి ఇప్పుడు వర్ణించాలి. బల్ల మధ్యలో, బ్లేడు పైకి వచ్చేచోట పెద్ద కంత ఉంటుంది. బ్లేడు మార్చాలన్నా, నట్టు విప్పాలన్నా చెయ్యి దూరాలి కదా. ఆ కంతని మూసే మూత ఇన్సర్ట్ ప్లేటు. మూరెడు కూడా ఉండదు, నిలువునా ఒక చీలిక. సంస్కృతంలో చెప్పాలంటే కంఠఫలకం. మహాకావ్యాల్లో రథానికి సీల లాంటిది, ఊడిపోయేదాకా దాని పేరు ఎవరికీ గుర్తుండదు.

రంపంతో వచ్చే ఫ్యాక్టరీ ప్లేటులో చీలిక మరీ వెడల్పు. బ్లేడుని వాల్చినా సరిపోవాలని అలా చేస్తారు. వెడల్పు చీలికలో రెండు దోషాలు. సన్నటి ముక్కలు కోస్తే అవి సందులోకి దిగి, బ్లేడుకి అడ్డం తిరిగి కటకటమని అరుస్తాయి. రెండోది, పన్ను చెక్కలోంచి బయటికి వచ్చేది కిందివైపుకి. అక్కడ పీచుకి ఆసరా లేకపోతే అంచు చిట్లి, గోధుమపిండి కలిపిన చెయ్యిలా గరుకుగా వస్తుంది. అందుకే చెక్కపనివాళ్ళు బ్లేడు మందానికి సరిగ్గా సరిపోయే చీలికతో సొంత ప్లేటు చేసుకుంటారు. నా రంపానికి పాత యజమాని చేసి పెట్టిన ప్లైవుడు ప్లేటు అలాంటిదే. అతని వంకర బ్లేడుకి అతని చీలిక అతికినట్టు సరిపోయింది. నేను బ్లేడుని మూడు కాగితాల మేర తిప్పి మంచిదారిలో పెట్టాను. చీలిక పాతదారిలోనే ఉండిపోయింది. రాజు మారితే కొలువులో పాత మంత్రి రాచుకోడా మరి!

తెనాలిలో మా వీధి చివర అపార్టుమెంటు కడుతున్నప్పుడు చూసిన కార్పెంటర్లు గుర్తొచ్చారు. వాళ్ళకి ఇంత తతంగం లేదు. చేతికోత మిషన్‌ని తలకిందులు చేసి ప్లైవుడు షీటు అడుగున బిగిస్తారు, తిరుగుతున్న బ్లేడుని షీటులోంచి పైకి పొడుస్తారు. అంతే, బల్లకి బల్లా, బ్లేడుకి అతికినట్టున్న చీలికా ఏకకాలంలో పుడతాయి. జన్మతః కంఠఫలకం! కాళ్ళకి హవాయి చెప్పులు, బ్లేడుకి కాపు లేదు, చెక్క ముడుచుకోకుండా వెనక నిలబడే రేకు లేదు, చెవిలో మటుకు బీడీ ఉంటుంది. ఆ చీలిక విద్యకి దణ్ణం పెడతాను గాని, ఆ ధైర్యాన్ని అనుకరించమని ఎవరికీ చెప్పను.

కొత్త ఫలకానికి అరంగుళం బర్చ్ ప్లైవుడు తీసుకున్నాను. పాతదాన్ని దానిమీద రెండువైపులా అంటుకునే టేపుతో అతికించి, రూటరనే అంచుకోత యంత్రంతో చుట్టూ చెక్కాను. కంతలో పెడితే చొక్కా కాజాలో గుండీలా దిగుతుందనుకున్నాను. దిగలేదు. ముందువైపు అంగుళం పైకి లేచి, పొంగిన పూరీలా కూర్చుంది. బ్లేడుని పూర్తిగా కిందికి దించినా పది అంగుళాల చక్రం కదా, దాని నడినెత్తి ఫలకం అడుగుభాగాన్ని తాకుతోంది! ఫలకం కూర్చుంటే గాని బ్లేడు చీల్చలేదు, బ్లేడు చీలిస్తే గాని ఫలకం కూర్చోదు. పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కాదు, పెళ్ళయితే గాని పిచ్చి కుదరదు అన్న సామెత పుట్టిన గ్యారేజీ ఇదే అయ్యుండాలి.

ముడి విప్పింది తమ్ముడి వరసవాడు. చేతికోత రంపానికి వాడే ఏడుంబావు అంగుళాల బ్లేడు ఉందే, దాని నడిమి చిల్లు కూడా అంగుళంలో ఎనిమిదింట అయిదు భాగాలే, నా ఇరుసుకి సరిపోయింది. పొట్టివాడు కనుక లోపలికి పూర్తిగా దిగిపోయాడు. ఫలకం హాయిగా కూర్చుంది. దానిమీద అడ్డంగా ఒక పలక వేసి, రెండు కొసలా క్లాంపులతో బల్లకి బిగించాను. చేత్తో పట్టుకునే సాహసం ఇక్కడ పనికిరాదు, బ్లేడు ఎక్కడినుంచి తల ఎత్తుతుందో అక్కడే మన చెయ్యి ఉంటుంది. స్విచ్చి వేసి, ఎత్తుపిడిని చుట్టు వెంబడి చుట్టుగా తిప్పాను. నరసింహుడు స్తంభంలోంచి వచ్చినట్టు వచ్చాడు తమ్ముడు, చాలా చిన్న నరసింహుడు. కొంత లోతుకి గాడి పడ్డాక అతన్ని తీసి, పది అంగుళాల అన్నగారిని పెట్టి మిగతా చీలిక పూర్తి చేశాను. వెనకవైపు లేచే పళ్ళు ఫలకాన్ని ఎత్తెయ్యకుండా, దాని వెనక అంచున ఒక చిన్న మేకు తల బల్ల పెదవి కిందికి దూరేలా కొట్టాను. చెక్క మళ్ళీ కలుసుకుని బ్లేడుని నొక్కకుండా వెనక నిలిచే రేకు కోసం చీలికని ఇంకాస్త పొడిగించాను. ఆ రేకు అడ్డమొస్తోందని పీకి అటకెక్కించేవాళ్ళున్నారు. వాళ్ళ గురించి కుకవినిందలో చెప్పవలసింది, మరిచాను.

చివరి ఘట్టం నాలుగు మరలది. ఫలకం బల్లతో సరిగ్గా ఒకే మట్టాన ఉండాలి. అందుకు నాలుగు మూలలా నాలుగు చిన్న మరలుంటాయి, అలెన్ కీతో తిప్పుకోవడమే. మనవైపు అంచు బల్ల కన్నా ఎత్తుంటే చెక్క లోపలికి వస్తూనే గుమ్మం తగిలినట్టు ఆగుతుంది. అవతలి అంచు పల్లంగా ఉంటే బయటికి పోతూ బల్ల అంచుకి కాలు తగిలి ఆగుతుంది. ఆగేది ఎక్కడా? సరిగ్గా తిరిగే బ్లేడు పక్కన. ఇనుప స్కేలు అడ్డంగా పెట్టి ఒక మూల సరిచేస్తే ఎదురు మూల లేచింది. దాన్ని దించితే మొదటిది టకటకమంది. అరగంట గడిచింది. నాలుగు మరలు, నలుగురు కోడళ్ళు.

అమ్మ కాఫీ పట్టుకుని వచ్చింది. కాసేపు చూసి, “ఏ మూల పొట్టిదా అని చూస్తున్నావు. ఏది పొడుగో చూడు” అంది. “కుర్చీకైనా పీటకైనా మూడు కాళ్ళు ఎప్పుడూ ఆనతాయి. నాలుగోదే గొడవ. ఊగేటప్పుడు ఏ రెండిటి మీద ఊగుతుందో, ఆ రెండిట్లో ఒకటి తగ్గించు.” గ్లాసు సైకిలు సీటు మీద పెట్టి, చెయ్యి చాచింది.

“ఆగమ్మా!” అన్నాను. ప్లగ్గు పీకాను. బ్లేడుని పూర్తిగా కిందికి దించాను. ఆవిడకి ఈ హడావుడి నచ్చలేదు, కారణం చెప్పాల్సొచ్చింది. స్టీవ్ గాస్ అని, భౌతికశాస్త్రంలో డాక్టరేటు చేసిన పేటెంటు లాయరొకాయన, వేలు తగిలీ తగలగానే బ్లేడుని సెకనులో రెండువందలోవంతులో ఆపేసే రంపం కనిపెట్టాడు. తోలు ఒలిచిన వేలిలాంటి హాట్‌డాగ్‌ని తిరిగే బ్లేడుకి ఆనించి చూపించేవాడు, దానిమీద గీత మాత్రమే పడేది. ఆ ఒక్కసారితో బ్లేడూ పోతుంది, బ్రేకూ పోతుంది, హాట్‌డాగ్ మిగులుతుంది. నా రంపంలో ఆ కరుణ లేదు. ఇదంతా అమ్మకి చెప్పాను. “ఆ కూరేదో వండుకు తినొచ్చుగా” అంది.

తరవాత ఫలకానికీ బల్లకీ నడుమ సందు మీద చూపుడువేలి కొసని మెల్లగా నడిపించింది. బియ్యంలో రాయిని చూడకుండా పట్టే వేలు అది. మనవైపు కుడిమూల దగ్గర ఆగింది. “ఇక్కడ తగులుతోంది.” మర పావుచుట్టు దించాను. మళ్ళీ నడిపింది. “ఇంకా.” ఇంకో వీసమెత్తు దించాను. ఎడమ వెనక మూల దగ్గర, “ఇక్కడ లోతుంది” అంది. ఎత్తాను. ఇనుప స్కేలుకి కనపడని తేడాలు నాలుగు కనిపెట్టింది, ఆ వేలు ఎక్కడా ఆగకుండా ఈ కొస నుంచి ఆ కొసకి వెళ్ళేదాకా వదల్లేదు. కాఫీ చల్లారింది.

ప్లగ్గు పెట్టాను. కళ్ళద్దాలు, చెవులకి మూతలు. చెర్రీ పలకని ఫెన్స్‌కి ఆనించి, తోపుడుకర్రతో నెట్టాను. పొగ లేదు, ఆర్తనాదం లేదు. నూనె రాసిన రోలులో పప్పు తిరిగినట్టు ఒకే శ్రుతి, మొదటినుంచి చివరిదాకా. అంచు నున్నగా, చూస్తే మొహం కనపడేంత కాకపోయినా, బొటనవేలు జారేంత వచ్చింది. ఆ కోసిన సన్నటి తునక కూడా సందులో పడకుండా ఫలకం మీదే బుద్ధిగా పడుకుంది. దాన్ని నేను నా పుస్తకాల బీరువాలో పెట్టుకున్నాను. దానికెందుకు చోటని ఇంట్లో అడిగారు. ఈ కావ్యం చదివితే తెలుస్తుంది.

మూడు పలకలు అతికించి, అడుగున రెండు అడ్డపట్టీలు వేసి, సన్నగరుకు కాగితంతో రుద్ది, నూనె పట్టించి, ఆదివారంనాటికి పీట సిద్ధం చేశాను. గ్యారేజీలో, పోతఇనుప బల్ల మీద పెట్టి నాలుగు మూలలా నొక్కాను. కొండలా ఉంది. ఒక్క కాగితం దూరదు.

అమ్మ దాన్ని వంటింట్లోకి తీసుకెళ్ళి టైల్సు మీద వేసుకుని కూర్చుంది. పీట టక్కుమంది. అటు ఒరిగింది. ఇటు ఒరిగింది. నేను మూలమట్టం కోసం పరుగెత్తాను. తిరిగి వచ్చేసరికి అమ్మ ఇమ్మిగ్రేషన్ జిరాక్సుల్లోంచి ఒకటి తీసి నాలుగు మడతలు పెట్టి, పట్టీ కింద దోపి, వంకాయలు ముందేసుకుని కూర్చుంది.

“నీ చెక్క బాగానే ఉందిరా,” అంది. “గచ్చే వంకర.”